సబ్బు నీళ్లల్ల గుంపు కట్టే అణువులు: మెక్‌బెయిన్ నుంచి పైరీన్ దాకా

మన గ్రూపులో కెమిస్ట్రీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు "మిసెల్" పాఠం బట్టీ పట్టి వదిలేస్తున్నరు. దాని వెనక పెద్ద చరిత్ర ఉంది.

కుంకుడు రసమైనా, షాంపూ అయినా పని చేసే అణువు తీరు ఒక్కటే. తలకు నీళ్లు ఇష్టం, తోకకు నూనె ఇష్టం. నీళ్లల్ల కొంచెమే ఉంటే విడివిడిగా తిరుగుతయి. ఒక మోతాదు దాటినంక తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టి గుంపు కడతయి. ఆ గుంపే మిసెల్, ఆ మోతాదే సీఎంసీ. జిడ్డు ఆ గుంపు నడుమ చేరి నీళ్లతో పాటు పోతది.

ఈ మాట 1913లో చెప్పింది జేమ్స్ విలియం మెక్‌బెయిన్. కెనడాలో పుట్టి ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో పని చేసేటోడు. సబ్బు నీళ్లల్ల కణాల లెక్క తక్కువ వస్తున్నది, కరెంటు మాత్రం బాగనే పారుతున్నది. అణువులు గుంపు కడితేనే ఈ లెక్క కుదురుతదన్నడు. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు అర్థం లేని మాటని కొట్టిపారేశారని చెప్తరు. 1936లో హార్ట్లీ అనే ఆయన, గుంపు గుండ్రంగ ఉంటదని వివరించినంక ఆ మాటకు బలం వచ్చింది. నాకు బాగ నచ్చిన సంగతి ఇంకోటి: పుణెలో 1950లో ప్రారంభమైన మన నేషనల్ కెమికల్ లాబొరేటరీకి మొదటి డైరెక్టర్ ఈ మెక్‌బెయినే!

సరే, కంటికి కనిపించని గుంపును పట్టుకునుడెట్ల? వెలుగుతోని. వెలుగుతో కొలుచుడు మన బోధన్ దిక్కు చెరుకు వాళ్లకు వింతేం కాదు. చక్కెర ఫ్యాక్టరీల ల్యాబుల్లో పోలారిమీటర్ పెట్టి, వెలుగు ఎంత తిరిగిందో చూసి రసంలో చక్కెర ఎంతుందో చెప్తరు. మిసెల్‌కు వాడే ఉపాయం వేరే. బొగ్గు తారులో దొరికే పైరీన్ అనే పదార్థం మీద అతినీలలోహిత కాంతి పడితే అది తిరిగి వేరే కాంతి ఇస్తది. దీన్నే ఫ్లోరెసెన్స్ అంటరు. పైరీన్‌కు నీళ్లంటే పడదు, మిసెల్ కట్టంగనే అందులోకి దూరుతది. 373, 384 నానోమీటర్ల దగ్గర అది చూపే రెండు శిఖరాల నిష్పత్తి నీళ్లల్ల సుమారు 1.8, మిసెల్ లోపల సుమారు 1.1. సబ్బు పెంచుకుంటూ పోతే ఈ నిష్పత్తి ఎక్కడ దబ్బున పడిపోతదో అక్కడే సీఎంసీ. షాంపూల్లో వాడే సోడియం డోడెసిల్ సల్ఫేట్‌కు అది లీటరుకు 8 మిల్లీమోల్స్ దగ్గర. ఈ పద్ధతిని 1977లో వివరంగ రాసినోళ్లు కళ్యాణసుందరం, థామస్. మొదటి పేరు చూసి నేనైతే ఆగి రెండోసారి చదివిన.

కుంకుడులోని సాపోనిన్లు కూడా ఇట్లనే గుంపు కడతయి. కాకపోతే ఆ రసం గోధుమ రంగుది, వెలుగును అదే మింగుతది, ముందుగా శుద్ధి చేసుకోవాలె. అడవిలో మనోళ్లు ఏరి కిలోల లెక్కన అమ్మే కాయ ఇది. ఎమ్మెస్సీకి పోయేటోళ్లు ఎవరన్నా దీన్నే ప్రాజెక్టుగ తీసుకుంటే, ల్యాబులో అడగాల్సిన యంత్రం పేరు స్పెక్ట్రోఫ్లోరిమీటర్.