మోటారు సైకిలు ఇంజను కంపనం

మోటారు సైకిలు నడుస్తున్నపుడు ఇంజనులోని కదిలే భాగాల జడత్వ బలాల వలన చట్రం, హ్యాండిలు, సీటు, ఫుట్‌రెస్టులు అదరడాన్ని ఇంజను కంపనం అంటారు. కంపనం తక్కువగా ఉన్న ఇంజనును వాడుకలో "స్మూత్" ఇంజను అంటారు. సుమారు 250 నుండి 650 సి.సి. వరకు గల మధ్యస్థాయి వాహనాలలో ఈ సమస్యకు ప్రాముఖ్యత ఎక్కువ. చిన్న ఇంజన్లలో పిస్టను తేలికగా ఉంటుంది. పెద్ద ఇంజన్లలో సాధారణంగా రెండు లేదా అంతకంటే ఎక్కువ సిలిండర్లు ఉంటాయి. మధ్యస్థాయి వాహనాలు అనేకం ఒకే పెద్ద సిలిండరుతో తయారవుతాయి.

కారణాలు

పిస్టను (ముషలకం) క్రాంకు షాఫ్టు తిరిగే ప్రతి చుట్టులో రెండుసార్లు ఆగి దిశ మార్చుకుంటుంది. దీనివలన పుట్టే బలాన్ని ప్రాథమిక బలం అంటారు. ఇది వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఉదాహరణకు స్ట్రోకు 80 మి.మీ., పైకీ కిందికీ కదిలే భాగాల ద్రవ్యరాశి 400 గ్రాములు అనుకుంటే, నిమిషానికి 3000 చుట్ల వద్ద ఈ బలం గరిష్ఠంగా సుమారు 160 కిలోల బరువుకు, 6000 చుట్ల వద్ద సుమారు 640 కిలోల బరువుకు సమానమవుతుంది.

కనెక్టింగ్ రాడ్డు పక్కకు వంగుతూ కదలడం వలన పిస్టను గమనం పై సగంలోనూ కింది సగంలోనూ ఒకే విధంగా ఉండదు. ఈ తేడా వలన క్రాంకు వేగానికి రెట్టింపు వేగంతో మరొక బలం కలుగుతుంది. ఇది ద్వితీయ బలం.

ప్రతిభారం, బ్యాలెన్సరు షాఫ్టు

క్రాంకుకు ఎదురుగా ప్రతిభారాన్ని అమర్చి ప్రాథమిక బలాన్ని తగ్గిస్తారు. అయితే పూర్తిగా సరితూగే ప్రతిభారాన్ని పెడితే కంపనం పోదు. సిలిండరు దిశ నుండి అడ్డదిశకు మారుతుంది. అందువలన దాదాపు సగం మాత్రమే సరితూచడం పరిపాటి. మిగిలిన సగం బలం క్రాంకుకు వ్యతిరేక దిశలో తిరుగుతూ ఉంటుంది. అదే వేగంతో వ్యతిరేక దిశలో తిరిగే బ్యాలెన్సరు షాఫ్టు దీనిని రద్దు చేస్తుంది. ఇందుకు అదనపు బరువు, ఖర్చు, కొంత శక్తి నష్టం తప్పవు. ద్వితీయ బలాలను అణచడానికి రెట్టింపు వేగంతో తిరిగే జంట షాఫ్టులను ఆంగ్ల ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో రూపొందించాడు.

సిలిండర్ల అమరిక

* 360° జంట సిలిండర్లు: రెండు పిస్టన్లు కలిసి కదులుతాయి. కంపనం ఒకే సిలిండరు ఇంజనులో వలెనే ఉంటుంది.
* 180° జంట సిలిండర్లు: ప్రాథమిక బలాలు రద్దవుతాయి. కానీ పక్కపక్కన ఉన్న పిస్టన్ల వలన ఇంజనును ఊపే బలయుగ్మం ఏర్పడుతుంది.
* 270° జంట సిలిండర్లు: ద్వితీయ బలాలు రద్దవుతాయి, ప్రాథమిక బలం కొంత మిగులుతుంది.
* వరుస నాలుగు సిలిండర్లు: ప్రాథమిక బలాలు రద్దవుతాయి. ద్వితీయ బలాలు కలిసిపోయి అధిక వేగంలో సన్నని జలదరింపును కలిగిస్తాయి.

భారతదేశంలో

మద్రాసులో 1955 నుండి తయారైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ ఒకే సిలిండరు వాహనం. 2009లో వచ్చిన క్లాసిక్ 350 లోని 346 సి.సి. ఇంజనులోనూ బ్యాలెన్సరు షాఫ్టు లేదు. 2020 నవంబరులో విడుదలైన మీటియర్ 350 లోని 349 సి.సి. ఇంజనులో దీనిని చేర్చారు. అదే ఇంజను 2021లో క్లాసిక్ 350కి, 2023లో బుల్లెట్ 350కి వచ్చింది. 2018లో భారత విపణిలోకి వచ్చిన ఇంటర్‌సెప్టర్ 650లో 270° క్రాంకు, బ్యాలెన్సరు షాఫ్టు రెండూ ఉన్నాయి.

కంపనం తగ్గితే బుల్లెట్ "డుగుడుగు" శబ్దం పోతుందని పలువురు అభిమానులు భావిస్తారు. నిజానికి ఆ శబ్దం ప్రధానంగా రెండు చుట్లకు ఒకసారి వెలువడే పొగగొట్టపు వాయువుల వలన వస్తుంది. బ్యాలెన్సరు షాఫ్టు ఆ క్రమాన్ని మార్చదు.

ప్రభావాలు

దీర్ఘ ప్రయాణంలో కంపనం వలన వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, అద్దాలలో దృశ్యం మసకబారుతుంది, బోల్టులు వదులవుతాయి. హ్యాండిలుకు బిగించిన ఫోను కెమెరా దెబ్బతినవచ్చని ఆపిల్ సంస్థ 2021లో హెచ్చరించింది. చట్రం సహజ పౌనఃపున్యం ఇంజను వేగంతో కలిసినపుడు అనునాదం వలన కంపనం హెచ్చుతుంది. అందుకే ఒక వేగంలో నిశ్చలంగా ఉండే వాహనమే మరొక వేగంలో అదురుతుంది. రబ్బరు దిమ్మెలు, హ్యాండిలు చివరి బరువులు ఈ ప్రభావాన్ని రైడరుకు చేరకుండా తగ్గిస్తాయి. అంతకుముందు లేని కంపనం కొత్తగా కనిపిస్తే అది ఇంజను బిగింపు బోల్టులు వదులవడానికి లేదా రబ్బర్లు అరగడానికి సూచన కావచ్చు.