రిమ్ము అంచు దగ్గర తగాదా

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కాలిఫోర్నియా కుర్రకారు చేతికి పాత కార్లు చవగ్గా దొరికాయి. పందేల పిచ్చి ఉన్నవాళ్లు వాటి బరువు తగ్గించి, ఇంజన్లకు పదును పెట్టి, హాట్‌రాడ్లుగా మార్చారు. తూర్పు లాస్ ఏంజెలెస్‌లోని మెక్సికన్ అమెరికన్ యువకుల దారి వేరు. వాళ్లు షెవర్లేలకు తళతళలాడే రంగులు వేయించి, సెలవు సాయంత్రాల్లో విట్టియర్ బూలెవార్డ్ మీద తీరిగ్గా తిప్పేవాళ్లు. కారు ఎంత నెమ్మదిగా కదిలితే అంతమంది చూస్తారు, నేలకు ఎంత దగ్గరగా ఉంటే అంత దర్జా. వాటికే లోరైడర్లని పేరు.

కారును కిందికి దించడానికి మొదట్లో పెద్దగా ఖర్చయ్యేది కాదు. డిక్కీలో ఇసుక బస్తాలు పడేస్తే వెనక భాగం కుంగేది. కాస్త పని తెలిసినవాళ్లు వెనక ఇరుసుకూ కమాన్ పట్టీలకూ మధ్య ఇనుప దిమ్మెలు బిగించేవాళ్లు. ముందు చక్రాల దగ్గర చుట్ల స్ప్రింగు ఉంటుంది కాబట్టి దాన్ని ఊడదీసి ఒకటో రెండో చుట్లు కోసేసేవాళ్లు. అంత ఓపిక లేనివాళ్లు స్ప్రింగును గ్యాస్ మంటతో కాల్చేవాళ్లు. ఉక్కు మెత్తబడి, కారు బరువుకు దానంతటదే కుంగేది. అయితే వేడికి పదును పోయిన స్ప్రింగును నమ్మడానికి లేదు. కోసిన దానిదీ ఇంకో తంటా. చుట్లు తగ్గినకొద్దీ స్ప్రింగు బిరుసెక్కుతుంది, పైకీ కిందికీ ఆడే జాగా తగ్గుతుంది. ప్రతి గుంతా నడుముకు తెలిసేది.

ఇంతలో ప్రభుత్వం కలగజేసుకుంది. చక్రం రిమ్ము అడుగు అంచు కన్నా కారులో ఏ భాగమూ కిందికి ఉండకూడదన్న నిబంధన 1958లో కాలిఫోర్నియాలో అమల్లోకి వచ్చింది. పోలీసు ఆపితే ఇసుక బస్తా దించేయొచ్చు, కోసిన చుట్టును మళ్లీ అతికించలేరు కదా!

దీనికి విరుగుడు 1959లో రాన్ అగిర్రే కనిపెట్టాడు. ఇతను కూడా దక్షిణ కాలిఫోర్నియావాడే. విమానాల మిగులు సరుకులో దొరికిన హైడ్రాలిక్ పంపులను తన 1957 కార్వెట్‌కు అమర్చాడు. స్విచ్ నొక్కితే నూనె ఒత్తిడికి కారు పైకి లేస్తుంది, ఆ ఒత్తిడి వదిలేస్తే నేలకు దిగుతుంది. పోలీసు ముందు చట్టం చెప్పిన ఎత్తు, మలుపు దాటాక యజమాని కోరిన ఎత్తు. కార్లను లేపాలని చేసిన చట్టం వాటిని మరింత కిందికి దించే యంత్రానికి దారి తీసింది.

అలాగని రంపానికి పని తప్పలేదు. కారును లేపే హైడ్రాలిక్ సిలిండర్‌కు చోటు కావాలంటే స్ప్రింగును పొట్టి చేయాల్సిందే. నాలుగు వైపులా చుట్ల స్ప్రింగులతో 1958లో వచ్చిన షెవర్లే ఇంపాలా ఈ పనికి అతికినట్టు సరిపోయింది. ముఖ్యంగా 1964 మోడల్ లోరైడర్ అభిమానుల ఆరాధ్య దైవమైంది. జెస్సీ వాలదేజ్ అలాంటి ఇంపాలాకు గులాబీ రంగు వేయించి, ఒళ్లంతా గులాబీలు గీయించి 'జిప్సీ రోజ్' అని పేరు పెట్టాడు. 1974లో మొదలైన 'చీకో అండ్ ది మ్యాన్' టీవీ ధారావాహిక ప్రారంభ దృశ్యాల్లో ఆ కారు దేశమంతటికీ కనిపించింది. 1977లో శాన్ హోసేలో 'లోరైడర్' పత్రిక పుట్టింది.

పేరుతోపాటు కట్టడీ పెరిగింది. 1979లో విట్టియర్ బూలెవార్డ్‌ను ఈ షికార్లకు మూసేశారు. తర్వాత అనేక నగరాలు ఒకే వీధిలో పదేపదే తిరగడాన్ని నిషేధించాయి. శాన్ డియేగో పక్కనున్న నేషనల్ సిటీలో 1992 నాటి నిషేధం ఎత్తేయడానికి 2023 దాకా పట్టింది.

అదే ఏడాది అక్టోబరులో గవర్నర్ గావిన్ న్యూసమ్ సంతకం చేసిన చట్టంతో, 2024 జనవరి 1 నుంచి, రాష్ట్రమంతటా ఇలాంటి నిషేధాలకు కాలం చెల్లింది. ఆ రోజు నుంచే రిమ్ము నిబంధన కూడా రద్దయింది. కానీ న్యూమెక్సికోలోని చిమయో నుంచి వచ్చిన 1969 ఫోర్డ్ ఎల్‌టీడీ లోరైడర్ ఒకటి, అంతకు ఎన్నో ఏళ్ల ముందే, వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియం సేకరణలో చేరిపోయింది.