అమ్మవారును టీకాయు

ఇంద్రావతి గోదావరిలో గలియు తావునకు చేరువనున్న భోపాల్‌పట్నము, 1948లో భారతదేశమున విలీనమైన బస్తరు సంస్థానములోని యొక జమీందారీ. ఆ సీమవాసులగు దోర్లలు కోయజాతివారు. వారి నుడిలో తెలుగు కలగలసినది.

మశూచిని తెలుగు పల్లెలు 'అమ్మవారు' అని పిలిచినవి. పొక్కులు ముత్యములు; ఆ తల్లి ముత్యాలమ్మ. కోయలును ఆమెను గొలుతురు. ఇంటికి వచ్చినది తల్లియైనపుడు వేపమండలతో చల్లపరచి సాగనంపవలెనే గాని వెడలగొట్టరాదు.

1802లో బొంబాయిన తొలి టీకా వేయబడినది. పల్లెలకు దానిని తెచ్చినది సర్కారు. ఆ సర్కారే బస్తరు అడవులకు హద్దులు గీసినది. 1910 నాటి భూమ్‌కాల్ తిరుగుబాటునకు అదియొక కారణము. టీకా మేలు నిజము: 1977లో భారతదేశము మశూచి రహితమని ప్రకటింపబడినది. అయినను, అడవిని మూసిన చేయి మందు చాపినపుడు గిరిజనుడు శంకించుటను మౌఢ్యమని తోసివేయరాదు.

అమెరికాలో మరియొక తీరు గలదు. టెనెసీ రాష్ట్రమున పేద తెల్లవారు కొందరు, అన్యజాతులకు మేలగునను తలంపుతో తమకును అక్కరకువచ్చు ఆరోగ్య పథకమును నిరాకరించిరని జోనథన్ మెట్జెల్ 2019 నాటి తన గ్రంథమున చూపెను. అచట జాత్యహంకారము, ఇచట గాయపడిన జ్ఞాపకము. రెంటిని ఒకే తూనికతో తూచరాదు.

మూఢనమ్మకమను మాట వ్రాయబోవు రచయిత, మందు తెచ్చినవారెవరో ముందుగా విచారింపవలెను.