చోళవరం పరుగు, పళ్లచక్రం లెక్క



పొన్నేరిలో తొమ్మిదో తరగతి పిల్లలకు పళ్లచక్రాల లెక్క చెప్పడం నాకు అలవాటైన పని. చిన్న చక్రానికి ఇన్ని పళ్లు, పెద్దదానికి అన్ని పళ్లు, ఇది ఒక చుట్టు తిరిగితే అది ఎన్ని చుట్లు? బోర్డు మీద ఒక భాగహారం చేస్తే పాఠం అయిపోతుంది. ఇరవై ఏళ్లుగా అలాగే ముగించేస్తూ వచ్చాను.

ఆ మధ్య ఒక కుర్రవాడు మూరెడు పొడవున్న బొమ్మకారు ఒకటి తెచ్చాడు. బొమ్మ అంటే వాడికి కోపం. అది రేడియో తరంగాలతో నడిచే పందెపు కారు. మనం రోడ్డు మీద చూసే కారునే పందానికి దిద్దితే దాన్ని టూరింగ్ కారు అంటారు. వీడిది అందులో పదో వంతు నమూనా. గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలో పనిచేసే వాళ్ల అన్న, జీతంలో మిగిల్చి, ఎవరో వాడినదాన్ని కొనిపెట్టాడు. "సార్, దీన్ని ఇంకా వేగంగా పోయేలా చేయాలంటే ఎట్లా?" అని అడిగాడు.

నేను పాఠం చెప్పినంత ధీమాగా చెప్పాను. మోటారుకున్న చిన్న చక్రానికి 36 పళ్లున్నాయి కదా, దాని బదులు 48 పళ్లది వేయి. మోటారు ఒక చుట్టుకు కారు ఎక్కువ దూరం పోతుంది. లెక్క తప్పు కాదు. కాని బడి మైదానంలో ఆరు మలుపుల దారి గీసి వదిలితే, కారు ప్రతి మలుపు దగ్గరా ఈడుస్తూ లేచింది. మూడో చుట్టులో కాలిన వాసన వచ్చింది. మోటారు పోయింది. వాడు ఏడవలేదు, నా ముఖం కేసి మాత్రం చూశాడు.

మా వీధి చివర మెకానిక్ షెడ్డు నడిపిన పెద్దాయన ఒకరున్నారు. కారు పట్టుకుపోయి చూపించాను. చేతిలో తిప్పి చూసి, "చోళవరంలో కూడా ఇదే తప్పు, అయ్యవారూ. పొడుగు దారి చూసి మోసపోయేవాళ్లు" అన్నారు.

చోళవరం పేరు చెబితే ఈనాటి పిల్లలకు చెన్నైకి తాగునీరిచ్చే చెరువు ఒక్కటే గుర్తొస్తుంది. కాని పొన్నేరికి దక్షిణంగా, కలకత్తా రోడ్డుకు దగ్గరలో, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విమానాల కోసం వేసిన రన్‌వే ఒకటి అక్కడుంది. యుద్ధం అయిపోయింది, విమానాలు పోయాయి, దారి మిగిలింది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు దశాబ్దాల పాటు అక్కడ కార్ల పందాలు, మోటారు సైకిళ్ల పందాలు నడిపింది. 1960లో సరిహద్దు మారి సత్యవేడు ఆంధ్రకు, తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లినా, మా నాయన మాత్రం సత్యవేడు బంధువులను వెంటబెట్టుకుని సైకిళ్ల మీద పందాలకు పోయేవారట. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు ఒకసారి నన్నూ తీసుకెళ్లారు. నాకు గుర్తున్నది దుమ్ము, చెవులు మూసుకున్న నా చేతులు, అంతే.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. రన్‌వే విమానం కోసం వేసింది. విమానానికి మలుపులు అక్కరలేదు. చోళవరం దారి ఇంగ్లీషు టీ అక్షరంలా ఉండేది. పొడుగాటి తిన్నని దారి, దాని కొసన ఒక్కసారిగా బ్రేకు వేసి తిరగవలసిన మలుపు. తిన్నని దారిని చూసి గేరు లెక్క వేసుకున్నవాడు మలుపు దాటాక లేవలేడు. మలుపును చూసి వేసుకున్నవాడికి దారి సగంలోనే ఇంజను అరిచి ఊరుకుంటుంది, ఆపైన వేగం పెరగదు.

సైకిలు ఎక్కేవారికి ఇది తెలిసిన విషయమే. ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు ఉంటే పెడలు ఒక చుట్టుకు వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. వెనక ఇంకా చిన్న చక్రం వేస్తే చదునులో హాయి, వంతెన ఎక్కేటప్పుడు మోకాళ్లు చెబుతాయి. కారులో మోకాళ్ల బదులు ఇంజను బాధపడుతుంది.

ఆనాటి పందాల్లో దిగిన స్వదేశీ కార్లు ఏవి? బొంబాయిలో తయారైన ఫియట్, మద్రాసు పక్కన తయారైన స్టాండర్డ్ హెరాల్డ్, అంబాసిడర్. పెళ్లిళ్లకు పోయే కార్లే. ఇంజను శక్తి గేరుబాక్సు దాటి, పొడవాటి షాఫ్టు ద్వారా వెనక ఇరుసుకు చేరుతుంది. అక్కడ చిన్న పినియన్, పెద్ద క్రౌన్ చక్రం ఉంటాయి. పినియన్‌కు 10 పళ్లు, క్రౌన్‌కు 43 అనుకోండి, నిష్పత్తి 4.3. ఈ జత మార్చితేనే కారు గుణం మారేది. మార్చడానికి వేరే జత దొరకాలి కదా! దిగుమతి లైసెన్సుల కాలం అది. 1980ల ఆరంభంలో విజయ్ మాల్యా ఎన్‌సైన్ ఫార్ములా వన్ కారును చోళవరంలో నడిపారు. ఆ తరగతి కార్లలో ఇంగ్లండుకు చెందిన హ్యూలాండ్ గేరుబాక్సులే ఎక్కువ. వెనక మూత తీసి ఏ దారికి తగ్గ పళ్లచక్రం ఆ దారికి మార్చుకోవచ్చు. ఫియట్ వాడికి ఆ భోగం లేదు. పాత కార్ల గుట్టల్లో వెతకాలి, లేదా ఉన్నదానితో సర్దుకుని, ఏ మలుపులో ఏ గేరు వేయాలో డ్రైవరే నేర్చుకోవాలి. ఆ మాల్యా కారు ఫొటోలు మిగిలాయి. గుట్టల్లో వెతికిన మెకానిక్కుల పేర్లు ఎక్కడా లేవు. అది నాకు అన్యాయంగానే తోస్తుంది.

ఈ కొరతకు జవాబు వెతికినవాడు మన భాషవాడే. కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్. అక్కడి నాయుళ్ల ఇళ్లలో తెలుగు ఈనాటికీ వినిపిస్తుంది. మారుతి 800 కారులో ఇంజను ముందుంటుంది, ముందు చక్రాలనే తిప్పుతుంది. ఆయన దాన్ని ఒక్కరే కూర్చునే పందెపు కారు వెనక భాగంలో పెట్టారు. 1980ల చివర వచ్చిన ఈ ఫార్ములా మారుతి వల్ల చవకలో పందెం సాధ్యమైంది, విడిభాగాలు ఏ ఊళ్లోనైనా దొరికాయి. 1990లో పందాలు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని కొత్త ట్రాక్‌కు తరలాయి. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో మరణించారు. ఫార్ములా మారుతితో మొదలుపెట్టిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పోటీల్లో దిగిన తొలి భారతీయుడయ్యారు.

మళ్లీ మా మూరెడు కారు దగ్గరికి వద్దాం. రేడియోతో బొమ్మ నడపడం కొత్త సంగతి కాదు. 1898లోనే నికోలా టెస్లా న్యూయార్కులో నీళ్ల తొట్టెలో పడవను అలా నడిపి చూపాడు. టూరింగ్ నమూనాల పందాలు మాత్రం 1990లలో బలపడ్డాయి. కుర్రవాడి కారులో రెండు బెల్టులు నాలుగు చక్రాలనూ తిప్పుతాయి. మోటారు చక్రం 36 పళ్లు, అది తిప్పే పెద్ద చక్రం 96, ఆపైన బెల్టుల దగ్గర ఇంకో రెండింతలు. మొత్తం 5.33. నా సలహాతో అది 4కి పడిపోయింది. మోటారు తన వేగాన్ని అందుకోలేక, ఎక్కువ కరెంటు లాగి, వేడెక్కి పోయింది.

పెద్దాయన ఇంకో సంగతి కూడా చూపించారు. ఎద్దుబండికి చక్రాలు దేనికది తిరుగుతాయి కాబట్టి మలుపులో ఇబ్బంది లేదు. కారులో రెండు చక్రాలనూ తిప్పాలి, కాని బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. అందుకే డిఫరెన్షియల్. దాని లోపం ఏమిటంటే, మలుపులో లోపలి చక్రం నేల విడిస్తే బలమంతా దానికే పోయి వృథాగా తిరుగుతుంది. చిన్న కారులో ఆ డబ్బీని సిలికాన్ నూనెతో నింపుతారు. పలచనైతే చక్రం వృథాగా తిరుగుతుంది, మరీ చిక్కనైతే కారు తిరగనని మొండికేస్తుంది. రెండు పళ్లచక్రాల మధ్య సందు ఎంతుండాలో కూడా చెప్పారు. సన్నని కాగితం ముక్క మధ్యలో పెట్టి బిగించి, తర్వాత కాగితం లాగేయాలి. నా బీఈడీ పుస్తకంలో ఈ ముక్క లేదు.

కొత్త మోటారు నేనే కొనిచ్చాను. ఈసారి కుర్రవాడు 36తో మొదలుపెట్టి రెండేసి పళ్లు పెంచుకుంటూ పోయాడు. నాలా గరిష్ఠ వేగం చూడలేదు, మొత్తం చుట్టుకు పట్టే కాలం గడియారంతో చూశాడు. చుట్టు కాగానే మోటారు మీద చేయి పెట్టి చూసేవాడు. 40 దగ్గర కాలం తగ్గింది. 42 దగ్గర మళ్లీ పెరిగింది, చేయి కాలింది. 40 పళ్లదే ఉంచాడు.

కాలిపోయిన మోటారు నా బల్ల సొరుగులో ఉంది. పళ్లచక్రాల పాఠం వచ్చిన రోజు ముందుగా దాన్ని బెంచీల వెంట తిప్పి, వాసన చూడమంటున్నాను.