పిక్సెళ్లలో యుద్ధనౌకలు, సైనిక వాహనాలు: కొలత తప్పని చిత్రలేఖనం

కంటోన్మెంట్ (బళ్లారి): కంప్యూటర్ తెరపై కనిపించే ప్రతి బొమ్మా చిన్న చిన్న గళ్ల కూర్పే. ఆ గడినే పిక్సెల్ అంటారు. ఒక్కొక్క గడికీ విడివిడిగా రంగు నింపి వేసేది పిక్సెల్ చిత్రం. చుక్కలు లెక్కపెట్టి ముగ్గు వేసే మన పద్ధతికి ఇది దగ్గరి బంధువు. యుద్ధనౌకలను, సైనిక వాహనాలను ఈ పద్ధతిలో చిత్రించేవారు దీనికి మరొక నియమం జోడించారు. వస్తువు చిన్నదైనా పెద్దదైనా దాన్ని ఒకే కొలమానంలో వేయాలి. ఈ విద్యకు ప్రాణం ఆ నియమమే.

కొలమానం

నౌకలకు విస్తృతంగా వాడుకలో ఉన్న ప్రమాణం అడుగుకు రెండు పిక్సెళ్లు. అనగా ఒక పిక్సెల్ ఆరు అంగుళాలతో, 15.24 సెంటీమీటర్లతో సమానం. మీటర్లలో ఉన్న పొడవును 0.1524తో భాగిస్తే పిక్సెళ్ల సంఖ్య వస్తుంది.

విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లోని ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామినే ఉదాహరణగా తీసుకుందాం. సోవియట్ యూనియన్‌లో నిర్మించిన ఈ జలాంతర్గామి 1969 డిసెంబరు 18న భారత నౌకాదళంలో చేరింది. 2001 ఫిబ్రవరి 27న సేవల నుండి విరమించి, 2002 నుండి ప్రదర్శనశాలగా ఉంది. దీని పొడవు 91.3 మీటర్లు. లెక్క ప్రకారం 599 పిక్సెళ్లు. 2022లో నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక ఐఎన్‌ఎస్ విక్రాంత్ పొడవు 262 మీటర్లు, అనగా 1,719 పిక్సెళ్లు. రెంటినీ ఒకదాని కింద ఒకటి పేర్చితే, అంకెలు చదివి ఊహించలేని తారతమ్యం కంటికి ఇట్టే తెలుస్తుంది.

వాహనాలకు ఈ కొలమానం చాలదు. తెలంగాణలోని ఎద్దుమైలారంలో, మెదక్ ఆయుధ కర్మాగారంలో తయారయ్యే శరత్ పదాతి దళ పోరాట వాహనం పొడవు 6.735 మీటర్లు. నౌకల కొలమానంలో అది 44 పిక్సెళ్లకే కుంచించుకుపోతుంది, చక్రాల వివరాలు దక్కవు. అందుచేత వాహనాలకు అడుగుకు నాలుగు పిక్సెళ్లు, అనగా పిక్సెల్‌కు 7.62 సెంటీమీటర్లు వాడుతారు. అప్పుడు శరత్ 88 పిక్సెళ్ల పొడవు, 32 పిక్సెళ్ల ఎత్తు వస్తుంది. ఒక్కో పక్కనున్న ఆరు చక్రాలూ స్పష్టంగా గీయవచ్చు. రెండు కొలమానాలను ఒకే చిత్రంలో కలపరాదు.

చిత్రించే క్రమం

బొమ్మను సరిగ్గా పక్క నుండి చూసినట్లు వేయాలి, దూరదృష్టి వంపులు పనికిరావు. నౌకకు నీటిమట్టాన్ని, వాహనానికి నేలను ఆధారరేఖగా గీసి, మొత్తం పొడవు, ఎత్తు మొదట గుర్తించాలి. తరువాత ఒక పిక్సెల్ మందంతో నల్లని సరిహద్దు గీయాలి. ఏటవాలు గీతలో మెట్లు సమానంగా ఉండాలి. రెండేసి పిక్సెళ్ల మెట్లతో మొదలైన గీత మధ్యలో మూడుకు మారితే వంకర కనిపిస్తుంది. ఒకే రంగులో మూడు నాలుగు ఛాయలు చాలు, వెలుగు పైనుండి పడుతున్నట్లు భావించాలి.

శరత్ ఫిరంగి గొట్టం లోపలి వ్యాసం 30 మిల్లీమీటర్లు. ఒక పిక్సెల్ దానికి రెట్టింపు కన్నా ఎక్కువ. అటువంటి సన్నని భాగాలను ఒక పిక్సెల్‌గానే చూపడం ఆచారం.

ఫొటోను యంత్రంతో కుదించి వాడితే అంచులు మసకబారుతాయి. దాన్ని ఆధారంగా మాత్రమే ఉంచుకోవాలి. పూర్తయిన చిత్రాన్ని పీఎన్‌జీ రూపంలో భద్రపరచాలి. జేపీఈజీలో అంచుల చుట్టూ మరకలు చేరుతాయి.

సరిచూసుకోవడం

పొడవు కుదిరినంత మాత్రాన ఎత్తు కుదిరినట్లు కాదు. బళ్లారి వాసులకు ఈ మాట కొత్త కాదు. హైదరాలీ కాలంలో మన కోటను పటిష్ఠం చేసిన ఫ్రెంచి ఇంజనీరు, ఎదుటి కుంబార గుడ్డ అంతకన్నా ఎత్తైనదని గమనించనందుకు ఉరికంబమెక్కాడని జనశ్రుతి. చిత్రకారునికి ఒక సులభమైన పరీక్ష ఉంది. 170 సెంటీమీటర్ల మనిషి నౌకల కొలమానంలో 11 పిక్సెళ్లు, వాహనాల కొలమానంలో 22 పిక్సెళ్లు. ఆ బొమ్మను తలుపు పక్కన నిలిపితే పొరపాటు తక్షణమే బయటపడుతుంది.

చట్టం ఎరిగి మసలుకోవాలి

సైనిక ప్రాంతాల సమీపంలో నివసించే యువకులు ఒక విషయం మరువరాదు. దేశ భద్రతకు భంగకరమైన ఉద్దేశంతో, శత్రువుకు ఉపకరించగల రేఖాచిత్రాన్ని గానీ నమూనాను గానీ తయారుచేయడం 1923 నాటి అధికార రహస్యాల చట్టం ప్రకారం నేరం. నిషిద్ధ స్థలాలను సమీపించడం గురించి కూడా అందులో నిబంధనలున్నాయి. ఉద్దేశం మంచిదే అయినా, ఆవరణ గోడ వద్ద కెమెరాతో నిలబడితే అనుమానానికి తావిచ్చినట్లే. బహిరంగంగా ప్రచురితమైన కొలతలు, ప్రదర్శనశాలలోని నౌకలు అభ్యాసానికి చాలు. కురుసురను ఒడ్డుపై నిలిపినందున, మామూలుగా నీటిలో మునిగి ఉండే భాగాన్ని సైతం నిదానంగా పరిశీలించవచ్చు. కొత్తగా నేర్చుకునేవారు దానితోనే ప్రారంభించడం మేలు.