హెవీవెయిట్ బాక్సింగ్: ప్రతిభ లెక్కలు, రంగు గీత

1967లో అమెరికాలో మర్రే వొరోనర్ అనే రేడియో నిర్మాత ఒక ప్రయోగం చేశాడు. వేర్వేరు కాలాల్లో ప్రపంచ హెవీవెయిట్ టైటిల్ గెలిచిన 16 మంది బాక్సర్ల వివరాలు కంప్యూటర్‌కెక్కించి, ఎవరు ఎవర్ని ఓడిస్తారో లెక్క కట్టించాడు. చచ్చిపోయినవాళ్లూ బతికున్నవాళ్లూ, అందరూ తమతమ మంచి వయసులో ఉన్నట్టే లెక్క. ఆ ఫలితాన్ని రేడియోలో నిజం పోటీకి చెప్పినట్టే కామెంటరీతో ప్రసారం చేశారు.

ఆ లెక్కలో మహమ్మద్ అలీ క్వార్టర్ ఫైనల్లోనే ఓడిపోయాడు. ఓడించినవాడు జిమ్ జెఫ్రీస్, 1899 నుంచి 1905 దాకా ఛాంపియన్‌గా ఉన్న తెల్లవాడు. ఫైనల్లో రాకీ మార్సియానో గెలిచాడు. అదే సంవత్సరం అలీ వియత్నాం యుద్ధానికి పోనని సైన్యంలో చేరడానికి నిరాకరించాడు. దాంతో అతని టైటిల్ లాగేసుకున్నారు, లైసెన్సులు రద్దు చేశారు. నిజం బరిలో ఎవ్వరూ ఓడించలేని మనిషిని ముందు ఆఫీసు కాగితాల మీద ఓడించారు, ఆ తర్వాత కంప్యూటర్లో ఓడించారు. అలీ ఊరుకోలేదు, 10 లక్షల డాలర్లకు పరువునష్టం దావా వేశాడు. చివరికి రాజీ కుదిరి, అలీ, మార్సియానో ఇద్దరూ కలిసి ఒక సినిమాలో కొట్టుకున్నట్టు నటించారు. దానికి ఒకటికి మించిన ముగింపులు తీశారు. 1970 జనవరిలో అమెరికా థియేటర్లలో మార్సియానో గెలిచాడు. యూరప్‌లో అలీ గెలిచాడు! ఆ సినిమా విడుదలయ్యేనాటికి మార్సియానో లేడు, 1969 ఆగస్టులో విమాన ప్రమాదంలో చనిపోయాడు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు మా యూనివర్సిటీ హాస్టల్ గుర్తొచ్చింది. మా ఇంట్లో డిగ్రీ మెట్టు ఎక్కిన మొదటివాణ్ణి నేను. మెస్‌లో కూర్చుని 'మెరిట్' గురించి వాదించే మిత్రులు ఎప్పుడూ ఒక మాట అనేవారు: మార్కులకు కులం ఉండదు, కంప్యూటర్ దిద్దే పేపరుకి నీ పేరు కూడా తెలీదు అని. నిజమే, దానికి పేరు తెలీదు. కానీ ఎవరి వివరాలు దాని దాకా వచ్చాయి, ఎవరివి రాలేదు అనే ప్రశ్న మాత్రం మిగిలే ఉంటుంది. వొరోనర్ కంప్యూటర్లో 16 మంది ఉన్నారు. అందులో పీటర్ జాక్సన్ లేడు, శామ్ లాంగ్‌ఫర్డ్ లేడు, హ్యారీ విల్స్ లేడు. ఎందుకంటే వాళ్లు ఛాంపియన్లు కారు. ఎందుకు కాలేదు అనేదే ఈ వ్యాసం.

బొంబాయిలో 1972లో దళిత్ పాంథర్స్ తమ పేరు అమెరికా బ్లాక్ పాంథర్స్ నుంచి తీసుకున్నారని మనందరికీ తెలుసు. అక్కడి నల్లవాళ్ల రాజకీయాలు చదివినంతగా వాళ్ల ఆటల చరిత్ర మనం చదవలేదు. ప్రతిభ అనే మాటను ఎవరు, ఎప్పుడు, ఎలా వాడారో తెలుసుకోవాలంటే అది చదవాల్సిన చరిత్రే.

జాన్ ఎల్. సల్లివన్ 1892లో బహిరంగ సవాలు విసిరాడు. ఎవరైనా రావచ్చు, నల్లవాళ్లు మాత్రం రాకూడదు. దాన్నే 'రంగు గీత' అన్నారు. ఇది ఏ చట్టంలోనూ రాసిలేదు. మన ఊరి బావి దగ్గర కూడా రాసి ఉండేది కాదు గదా. ఆ సెప్టెంబరులోనే న్యూ ఆర్లియన్స్‌లో జార్జ్ డిక్సన్ అనే నల్ల ఫెదర్‌వెయిట్ ఛాంపియన్ జాక్ స్కెల్లీ అనే తెల్లవాణ్ణి చిత్తుగా కొట్టాడు. చూసిన తెల్లవాళ్లకు అది మింగుడు పడలేదు. ఆ క్లబ్బు ఇక నల్లవాడికీ తెల్లవాడికీ పోటీలు పెట్టకూడదని తీర్మానించుకుంది. డిక్సన్ ఓడిపోయి ఉంటే ఆ నిషేధం వచ్చేదా?

సల్లివన్ సవాలు ఎవరికి భయపడి అలా రాయించాడో అప్పట్లో అందరికీ తెలుసు. పీటర్ జాక్సన్ వెస్టిండీస్‌లో పుట్టి ఆస్ట్రేలియాలో పెరిగినవాడు, 1886లో ఆస్ట్రేలియా ఛాంపియన్. 1891 మే 21న శాన్ ఫ్రాన్సిస్కోలో జేమ్స్ కార్బెట్‌తో 61 రౌండ్లు పోరాడాడు. ఇద్దరూ కదల్లేని స్థితికి వచ్చాక ఫలితం లేదని ఆపేశారు. మరుసటి ఏడాది అదే కార్బెట్ సల్లివన్‌ను ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 61 రౌండ్లు అతనితో సమానంగా నిలబడ్డ జాక్సన్‌కి మాత్రం టైటిల్ పోటీ ఎన్నడూ రాలేదు. 1898లో, చాలాకాలం బరికి దూరమై ఒళ్లు చెడిన జాక్సన్‌ను కుర్రవాడైన జెఫ్రీస్ 3 రౌండ్లలో పడగొట్టాడు. జాక్సన్ 1901లో క్షయతో చనిపోయాడు. ఇప్పుడు రికార్డు పుస్తకం తీసి చూడండి. జెఫ్రీస్ జాక్సన్‌ను 3 రౌండ్లలో ఓడించాడు అని ఉంటుంది. అబద్ధం కాదు. ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఇద్దరి ప్రతిభను తూస్తే ఏం తేలుతుంది?

జెఫ్రీస్ ఛాంపియన్ అయ్యాక నల్లవాళ్లతో పోటీకి ఒప్పుకోలేదు. 1905లో ఓటమి లేకుండా విరమించాడు. ఆ 'ఓటమి లేకుండా' అనే మాటే ఆ తర్వాత అన్ని జాబితాల్లో అతన్ని పైన కూర్చోబెట్టింది. అప్పటికి రెండేళ్లుగా జాక్ జాన్సన్ 'నల్లవాళ్ల హెవీవెయిట్ ఛాంపియన్' అనే వేరు టైటిల్ పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. వేరు గ్లాసు, వేరు టైటిల్.

జాన్సన్ 1878లో టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో, ఒకప్పుడు బానిసలుగా ఉన్న తల్లిదండ్రులకు పుట్టాడు. ఛాంపియన్ టామీ బర్న్స్‌ను దేశదేశాలు వెంటాడి, 1908 డిసెంబరు 26న సిడ్నీలో పట్టుకున్నాడు. బరిలోకి దిగడానికి బర్న్స్‌కి 30,000 డాలర్లు ఇవ్వాల్సి వచ్చింది. 14వ రౌండులో పోలీసులే పోటీ ఆపారు. అక్కడున్న రచయిత జాక్ లండన్, జెఫ్రీస్ తిరిగొచ్చి తెల్లజాతి మానం నిలపాలని పత్రికలో పిలుపిచ్చాడు. సోషలిస్టుగా పేరుపడ్డ రచయిత! మనకిది కొత్తేం కాదు, ఈ రకం సోషలిస్టుల్ని మనమూ చూశాం.

జెఫ్రీస్ వచ్చాడు. 1910 జూలై 4న రెనోలో 15వ రౌండుకి ముగిసిపోయాడు. నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆరో ఏట తిరిగొచ్చి, పెరిగిన ఒళ్లు తగ్గించుకుని దిగిన ఆ జెఫ్రీస్ పాత జెఫ్రీస్ కాడు. 1904లో ఇద్దరూ తలపడి ఉంటే ఎవరు గెలిచేవారో మనం చెప్పలేం. చెప్పలేకుండా చేసింది జెఫ్రీసే. ఆ రాత్రి అమెరికాలోని ఎన్నో ఊళ్లలో నల్లవాళ్ల మీద దాడులు జరిగాయి, మనుషుల్ని చంపారు. ఆ పోటీ ఫిల్మును చాలాచోట్ల ఆడనివ్వలేదు. 1912లో బాక్సింగ్ ఫిల్ములు ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి తీసుకుపోకూడదని చట్టమే చేశారు. తెల్లవాడు పడిపోవడం చూడటానికి కూడా వీల్లేదన్నమాట. 1913లో తెల్ల స్త్రీలతో సంబంధాల పేరు మీద జాన్సన్‌కు శిక్ష వేశారు. దేశం విడిచిపోయాడు, 1915లో హవానాలో 26వ రౌండులో జెస్ విల్లర్డ్ చేతిలో టైటిల్ పోగొట్టుకున్నాడు. ఆ శిక్షకు క్షమాభిక్ష ప్రకటించింది 2018లో.

అయితే జాన్సన్‌ను వీరుణ్ణి చేసి ఇక్కడితో ఆపితే మనం చరిత్ర రాసినట్టు కాదు. తను సింహాసనం ఎక్కాక జాన్సన్ కూడా శామ్ లాంగ్‌ఫర్డ్‌కు టైటిల్ పోటీ ఇవ్వలేదు. 1906లో ఇద్దరూ ఒకసారి తలపడ్డారు, తనకంటే బాగా తేలికైన లాంగ్‌ఫర్డ్ మీద జాన్సన్ 15 రౌండ్లలో పాయింట్ల మీద గెలిచాడు. మళ్లీ రమ్మంటే రాలేదు. ఛాంపియన్‌గా ఉన్న ఆరేళ్ల పైచిలుకులో అతను టైటిల్ పోటీ ఇచ్చిన నల్లవాడు ఒక్కడే, 1913లో పారిస్‌లో జిమ్ జాన్సన్. ఇద్దరు నల్లవాళ్ల పోటీకి గేటు డబ్బులు రావనేది ఆనాటి లెక్క. గీత దాటిన ఒక్కడు గీతను చెరపలేదు. మన రిజర్వుడు నియోజకవర్గాల నుంచి గెలిచినవాళ్ల గురించి ఆలోచించే పాఠకులు దీన్ని తేలిగ్గా తీసుకోరనుకుంటాను.

ఇక లాంగ్‌ఫర్డ్ సంగతి. కెనడాలోని నోవా స్కోషియాలో పుట్టాడు, మనిషి ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు. తెల్ల ఛాంపియన్లు రారు, నల్ల ఛాంపియన్ రాడు. మరి ఎవరితో కొట్లాడాలి? తనలాంటి వాళ్లతోనే. జో జెనెట్, శామ్ మెక్వే, హ్యారీ విల్స్, లాంగ్‌ఫర్డ్: ఈ నలుగురూ ఒకరితో ఒకరు మళ్లీ మళ్లీ తలపడ్డారు. లాంగ్‌ఫర్డ్, విల్స్ పదిహేను సార్లకు పైనే. 1909లో పారిస్‌లో జెనెట్, మెక్వేల పోటీ 49 రౌండ్లు సాగింది. ఆ కాలంలో ప్రపంచంలోని గట్టి బాక్సర్లు ఒకే పంజరంలో ఉండి ఒకరినొకరు కొట్టుకున్నారు. అందుకే వాళ్ల రికార్డుల్లో ఓటములు ఎక్కువ కనిపిస్తాయి. బయట తమకు నచ్చినవాళ్లను ఎంచుకుని కొట్టినవాళ్ల రికార్డులు శుభ్రంగా ఉంటాయి. ప్రతిభను రికార్డుతో కొలిచే పద్ధతిలో మొదటి దొంగతనం ఇక్కడుంది.

జాక్ డెంప్సీ 1919 నుంచి 1926 దాకా ఛాంపియన్. అన్నాళ్లూ అతని ముందున్న సవాలుదారు హ్యారీ విల్స్. 1925లో ఒప్పందం మీద సంతకాలు కూడా అయ్యాయి. పోటీ జరగలేదు. 1923 తర్వాత మూడేళ్లు డెంప్సీ టైటిల్ కోసం ఎవరితోనూ తలపడలేదు, ఆపైన జీన్ టన్నీతో దిగి ఓడిపోయాడు. 1950లో అసోసియేటెడ్ ప్రెస్ అడిగితే అమెరికా పత్రికా రచయితలు అర్ధ శతాబ్దపు మేటి బాక్సర్‌గా డెంప్సీనే ఎన్నుకున్నారు, జో లూయిస్‌ను కాదు.

1915 నుంచి 1937 దాకా 22 ఏళ్లపాటు ఒక్క నల్లవాడికి కూడా హెవీవెయిట్ టైటిల్ పోటీ రాలేదు. జో లూయిస్‌కు వచ్చింది, కానీ ఎన్ని షరతులతో! అలబామాలో కౌలు పత్తి చేల మధ్య పుట్టిన పిల్లవాడు. మేనేజర్లు అతనికి నేర్పినవి గుద్దులే కాదు: తెల్ల స్త్రీ పక్కన ఫొటో దిగకూడదు, పడిపోయిన తెల్లవాడి మీద నిలబడి నవ్వకూడదు. పోటీకి ఒప్పుకున్నందుకు ఛాంపియన్ బ్రాడక్ వర్గానికి లూయిస్ ప్రమోటర్ లాభాల్లో పదో వంతు, పదేళ్లపాటు రాసిచ్చారు. ఆ మెడకట్టుతోనే లూయిస్ 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. జాన్సన్ కాలంలోనే మన దేశంలో పల్వంకర్ బాలూ అనే చమార్ కులపు స్పిన్నర్ 'హిందువుల' జట్టుకు వికెట్లు తీసిపెట్టాడు, 1911లో ఇంగ్లండ్ టూరులో 100కు పైగా పడగొట్టాడు. కెప్టెన్సీ మాత్రం అతనికి దక్కలేదు. 1923లో తమ్ముడు విఠల్ దాకా ఆగాల్సి వచ్చింది.

కాలాల్ని పోల్చడంలో ఇతర చిక్కులూ ఉన్నాయి. మార్సియానో 84 కిలోల మనిషి, ఇప్పటి హెవీవెయిట్లలో చాలామంది 110 దాటినవాళ్లు. రెనోలో, హవానాలో 45 రౌండ్లకు ఒప్పందం. తర్వాత 15, 1980లలో 12. పాత ఫిల్ములు వేగం మారి ఆడటంతో ఆనాటి బాక్సర్లు బొమ్మల్లా ఎగురుతున్నట్టు కనిపిస్తారు. ఇవన్నీ లెక్కలోకి తీసుకుని సర్దుకోవచ్చు. జరగనివ్వని పోటీని సర్దే లెక్క మాత్రం లేదు.

ఇంకో తమాషా చూడండి. జాన్సన్ గెలవకముందు నల్లవాడికి గుండెదిటవు లేదన్నారు. లూయిస్, అలీల తర్వాత నల్లవాళ్లకు బాక్సింగ్ పుట్టుకతోనే వస్తుందన్నారు. ఓడితే లోపం జాతిది, గెలిస్తే గొప్ప ఒంటిది, మనిషిది ఎప్పుడూ కాదు. క్యూబాకు చెందిన నల్ల బాక్సర్ టియోఫిలో స్టీవెన్సన్ 1972, 1976, 1980 ఒలింపిక్స్‌లో మూడు బంగారు పతకాలు గెలిచి, ప్రొఫెషనల్‌గా మారడానికి నిరాకరించాడు. కాబట్టి అతనూ ఆ జాబితాల్లో ఉండడు. సోవియట్ బాక్సర్లకు దశాబ్దాలపాటు ఆ తలుపు మూసి ఉంది. తెరుచుకున్నాక ఉక్రెయిన్ నుంచి క్లిచ్కో సోదరులు వచ్చారు. 2024 మేలో రియాద్‌లో ఉసిక్ అన్ని బెల్టులూ ఒక్కచోటికి తెచ్చాడు. ఉక్రెయిన్ వాళ్ల రక్తం 1991లో మారిందా?

లాంగ్‌ఫర్డ్ దగ్గరికి తిరిగొస్తాను. చూపు మసకబారుతున్నా ఏళ్ల తరబడి బరిలో దిగుతూనే ఉన్నాడు, అంతకుమించి తిండికి దారి లేదు. 1944లో ఆల్ లేనీ అనే విలేఖరి అతని కోసం వెతికితే, ఎప్పుడో చనిపోయాడు గదా అన్నారు. హార్లెంలో ఒక గదిలో, పూర్తిగా గుడ్డివాడై, చేతిలో పైసా లేకుండా దొరికాడు. ఆ వార్త చదివిన జనం చందాలు వేసి నిధి పోగుచేశారు. 1956 జనవరిలో చనిపోయాడు. పదకొండేళ్ల తర్వాత వొరోనర్ తన 16 మంది పేర్లూ రాసుకున్నాడు.