ఒరే మడమైన పిస్తోలు

కోరుట్ల వైపు ఏ పాత గడి అటక మీదో ఓ చెక్క ఒర దొరికిందనుకోండి. వెడల్పు కొనకున్న మూత తీస్తే లోపల పొడుగు గొట్టం పిస్తోలు. సన్న కొనకు ఇనుప నాలుక. పిస్తోలు పిడి వెనక గాడిలోకి ఆ నాలుకను తోస్తే టక్కుమంటుంది. అంతే, ఒర కాస్తా మడమైపోతుంది. ఇక భుజానికి ఆనించి రైఫిల్‌లా గురిపెట్టడమే.

ఇది జర్మనీలోని మౌజర్ కంపెనీ 1896లో తెచ్చిన సి96. పిస్తోలుకు మడమ తగిలించే యుక్తి అంతకన్నా పాతది. అమెరికాలో కోల్ట్ రివాల్వర్లకు అప్పటికే తగిలించి తీసేసే మడమలుండేవి. మన దేశంలో మౌజర్ పేరు మోగింది 1914 ఆగస్టు 26న. కలకత్తాలో తుపాకులమ్మే రొడ్డా కంపెనీకి వచ్చిన సరుకులోంచి 50 మౌజర్లు, 46,000 తూటాలు విప్లవకారుల చేతికి చిక్కాయి. మరుసటి ఏడాది బాలాసోర్ దగ్గర విప్లవ నాయకుడు బాఘా జతిన్ బృందం పోలీసులతో తలపడింది మౌజర్లతోనే.

అమెరికావాళ్లు ఈ చెక్కముక్క మీద పెద్ద తర్కమే నడిపారు. అక్కడి 1934 తుపాకుల చట్టం కింద పిస్తోలుకు మడమ తగిలిస్తే అది పొట్టి గొట్టం రైఫిల్, రిజిస్ట్రేషన్ తప్పదు. తర్వాత, అసలు మడమలతో ఉన్న పాత మౌజర్లలో కొన్నింటిని సేకరణ వస్తువులంటూ మినహాయించారు.

మన 1959 ఆయుధాల చట్టానికి అంత తర్కం లేదు. మడమ ఉందా, వందేళ్లు నిండాయా అన్నది కాదు, పేలుతుందా అన్నదే ప్రశ్న. పురాతనమైనా సరే, మరమ్మతు చేసినా పేలనిదైతేనే 45(సి) సెక్షన్ వదిలేస్తుంది. ఆ 'మరమ్మతు చేసినా' దగ్గరే చిక్కంతా. తుప్పు పట్టిన స్ప్రింగు మార్చడం సిరిసిల్లలో మరమగ్గాలు బాగుచేసే చేతులకు ఎంతసేపు? 2019 సవరణ తర్వాత తాతల నాటి తుపాకులు కలుపుకున్నా లైసెన్సు మీద రెండే ఉండాలి. లైసెన్సు లేకుండా దొరికినదాన్ని ఠాణాలో అప్పజెప్పాల్సిందే. 1978లో ఇక్కడి జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన సంగతి తెలిసినవాళ్లు ఆ పనికి తెల్లారేదాకా ఆగరు.

జగిత్యాల కోట మీద మాత్రం ఫిరంగులు ఎండకు కాగుతూ బాహాటంగా పడున్నాయి. పిల్లలెక్కి ఫొటోలు దిగుతుంటారు.